రెండు మద్దుల మధ్య చెట్టు

మా చేనుకు ఒక పక్క గుట్ట, ఇంకో పక్క వాగు. గుట్ట మీద నల్లమద్దులు, వాగు ఒడ్డున ఏరుమద్దులు. నడుమ మా చేని గెట్టు మీద ఒక చెట్టు ఉండేది. మొదలు దగ్గర బెరడు నల్లమద్దిలా, మొసలి వీపులా పగిలి ఉండేది. తలెత్తి చూస్తే కొమ్మలు ఏరుమద్దిలా నున్నగా, తెల్లగా. కల్లూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో దాని ఆకులూ కాయలూ ఫొటో తీసి, ఖమ్మంలో నాకు బోటనీ చెప్పిన మేడమ్‌కు పంపాను. కాయ రెక్కలు కూడా రెండింటికీ మధ్యరకంగా ఉన్నాయని, రెండు జాతులూ కలిసి పుట్టిన చెట్టు కావచ్చని ఆమె చెప్పారు.

పాప పుట్టిన ఏడు వాగు ఎండాకాలం రాకముందే ఇంకిపోయింది. మరుసటి ఏడు ఏరుమద్దులు కొసల నుంచి ఎండటం మొదలైంది. నడుమ చెట్టు మాత్రం వానల్లో మొదలు మునిగినా, మే నెల ఎండలు కాసినా ఆకు నిలుపుకుంది. పాప పెద్దదయ్యేనాటికి ఈ ఒడ్డున నీడంటూ మిగిలితే అది దీని విత్తనాల నుంచే రావాలనిపించింది. పాప పడుకున్నాక నాకు తెల్లవార్లూ అదే ఆలోచన.

పోయినేడు కాయలు ఏరి, నానబెట్టి నాటాను. ఒక్కటీ మొలవలేదు. పగలగొట్టి చూస్తే లోపల పప్పే లేదు. ఇలాంటి చెట్లకు తాలు కాయలే ఎక్కువని, ఎక్కడో ఒకటి గట్టిది దొరకవచ్చని, వీలైనన్ని ఏరమని మేడమ్ అన్నారు. ఈ ఏడు చెట్టు విరగకాసింది. కాయలు ముదరాలని ఎదురుచూశాను.

అప్పుడే తునికాకు కోతకు వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు చెట్టు చుట్టూ గొడ్డలితో తిరుగుతూ కనిపించారు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయట.

"నల్లమద్ది గదా వదినా. ఈ బుడిపె మీద కొడితె నీళ్లు దుంకుతయి. మా తాత కొట్టంగ జూసిన," అన్నాడు ఒకడు.

"ఇది నల్లమద్ది కాదు తమ్ముడూ."

"మరి ఏరుమద్దా?"

"అదీ కాదు. రెండూ కలిసి పుట్టింది."

"అట్లయితె నీళ్లు డబుల్ రావాలె గద," అన్నాడు ఇంకొకడు. ముగ్గురూ నవ్వారు.

ఇంట్లోంచి నీళ్ల బిందె తెచ్చి ఇచ్చేలోపే ఒక వేటు పడింది. కాస్త తడి ఊరింది, అంతే. ఆ తడే కొంప ముంచింది. మర్నాడు పాపకు జ్వరమొస్తే దవాఖానాకు తీసుకెళ్లి, రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి ఆ గాటు చూసి ఇంకెవరెవరో ఇంకో పక్క, మరో పక్క కొట్టి చూశారు. గాట్లు మొదలు చుట్టూ కలిసిపోయాయి. అలా చుట్టూరా బెరడు తెగితే చెట్టు నిలవడం కష్టం. బెరడు కింద తెల్లటి చెక్క బయటపడి ఉంది.

మట్టీ పేడా కలిపి మెత్తి గోనెసంచి చుడుతుంటే అత్తమ్మ వచ్చింది.

"కాలిరిగినోళ్లకు కట్టినట్టు కడుతున్నవేంది బిడ్డా," అంది. తర్వాత తనే వెళ్లి ఇంకో తట్టెడు పేడ తెచ్చింది.

వారం తిరక్కుండా ఆకులు వేలబడ్డాయి. కాయలు పచ్చివే రాలాయి. అయినా అన్నీ ఏరాను. పాప కూడా గుప్పెళ్లతో ఏరి నా ఒళ్లో పోసింది. రోట్లో ఒక్కొక్కటే పగలగొట్టాను. కొన్నింట్లో నీళ్లలాంటి లేత పదార్థం, మిగతావన్నీ ఖాళీ.

ఎండు కొమ్మ ఒకటి విరిగి గెట్టు మీద పడింది. పాప ఆడుకునేది అక్కడే.

"ఇగ కొట్టిస్త," అన్నాడు మా ఆయన.

కొట్టించమనే చెప్పాను. మోకాలెత్తు మోడు మాత్రం వదలమన్నాను. మద్ది మోడు చిగురిస్తుందని చదువుకున్నాను.

"ట్రాక్టర్‌కు అడ్డమొస్తది గని, సరే తియ్," అన్నాడు.

వానలు మొదలై నెల దాటింది. మోడు నల్లబడింది, పైన బూజు పట్టింది. ఇప్పుడు పొద్దున్నే వెళ్లి చూడటం మానేశాను.