అత్తను పిలవడానికి పోయిన రోజు

నా చిన్నప్పుడు మోటారు సైకిలెక్కి నల్లమల దాటిన ఆడపిల్ల మా చుట్టుపక్కల ఊళ్లలో నేనొక్కదాన్నే. ఈ మాట చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. బళ్లో చెప్పాను, అత్తగారింట్లో చెప్పాను, మనవళ్లకు విసుగొచ్చేదాకా చెప్పాను. బండెక్కడం, కొండ, మలుపులు, హారన్లు, ఇంతవరకే చెప్పి ఆపేసేదాన్ని. కొండ దిగాక ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి. ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

మా ఊరు శిరివెళ్లకు దగ్గర. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా నాయన తమ్ముడికి, అంటే మా చిన్నాయనకు, పెండ్లి కుదిరింది. ఆయనకు నంద్యాలలో ఇద్దరు ప్రాణ స్నేహితులుండేవారు. ఒకరు దూది మిల్లు వాళ్లబ్బాయి, ఇంకొకరు ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రి. ముగ్గురి దగ్గరా మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత మోటారు సైకిళ్లు ఉండేవి. బండ్లు కొన్నప్పటి నుంచీ ముగ్గురికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆళ్లగడ్డకని పోయి అహోబిలం దాకా వెళ్లి వచ్చేవారు. ఆ చప్పుడుకు ఎద్దులు బెదిరి బండ్లను కాలవలోకి లాగేవి. ఊళ్లో ముసలివాళ్లు పెట్టే శాపనార్థాలు నేను ఇక్కడ రాయలేను.

మా వైపు పెండ్లికి పిలవాలంటే మగవాళ్లు పోయి చెబితే చాలదు. ఇంటి ఆడమనిషి వచ్చి బొట్టు పెట్టి పిలవాలి. అది లేకపోతే పిలుపే కాదని జనం మొహం ముడుచుకునేవారు. కొండ అవతల గిద్దలూరులో మా అమ్మ తరఫు చుట్టాలు రెండిళ్లవాళ్లున్నారు. అమ్మ అప్పుడు నిండు చూలాలు. అందుకని ఆమె బదులు నన్ను పంపాలని చిన్నాయన పట్టుబట్టాడు. "తొమ్మిదేండ్ల బిడ్డయినా ఆడబిడ్డే కదా వదినా, దాని చేత్తో పెట్టిస్తా" అన్నాడు. అమ్మ నా జడలు గట్టిగా లాగి వేసి, చేతిలో కుంకుమ భరిణె పెట్టి, ఏం చెప్పాలో పదిసార్లు వల్లె వేయించింది.

తెల్లవారుతూనే బయల్దేరాం. నంద్యాల దాటి గాజులపల్లె దగ్గర బండ్లు ఆపారు. మేస్త్రి బండి వెనక సీటు మీద కొత్త బొంత ఒకటి నాలుగు మడతలు పెట్టి తాడుతో బిగించి కట్టి ఉంది. మెత్తగా ఉంటుందని నేను దాని మీద కూచుంటానని మారాం చేశాను. "అది నీది కాదు పాపా. మా అక్కది" అన్నాడు చిన్నాయన. అప్పుడు తెలిసింది నాకు, మేము గిద్దలూరుతో ఆగడం లేదని. దాని అవతల పల్లెలో ఉన్న మా మేనత్త దగ్గరికి పోతున్నామని.

ఊహ తెలిశాక ఆ అత్తను నేనెప్పుడూ చూడలేదు. మా జేజి, అంటే నాయనమ్మ, దినాలప్పుడు అల్లుడికి బట్టలు పెట్టడంలో ఏదో మర్యాద తక్కువైందని ఆ మామ అలిగి పోయాడట. మా నాయన ఇంకా పట్టుదల మనిషి. "ఆ గడప తొక్కినోడు నా తమ్ముడు కాడు" అని ఒట్టు పెట్టాడు. రాకపోకలు తెగిపోయి ఎనిమిదేళ్లు. కానీ చిన్నాయనను పెంచింది ఆ అక్కే. పెండ్లికొడుకు పక్కన ఆడబిడ్డ పీట మీద ఆమే కూచోవాలని ఆయన కోరిక. ఇంట్లో చెబితే పోనివ్వరని ఎవరికీ చెప్పకుండా ఈ ఎత్తు వేశాడు. "వచ్చేటప్పుడు ఆ బొంత నా బండికి కట్టి అక్కను కూచోబెట్టుకుంటా. నువ్వు మేస్త్రి వెనక కూచో. సరేనా?" అన్నాడు. ఆ పొద్దు ఆయన నవ్విన నవ్వు మళ్లీ ఆయన ముఖంలో నేను చూడలేదు.

కొండెక్కాం. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ. ఫాల్గుణ మాసం కావడంతో మోదుగులు ఎర్రగా పూసి అడవంతా వెలిగిపోతోంది. కింద ఎక్కడో ఎత్తయిన వంతెన మీద రైలు పోతుంటే, పెట్టెలు లెక్కపెట్టమని మిల్లు అన్న నన్ను ఆటపట్టించాడు. వాళ్లకొక పద్ధతి ఉండేది. మలుపు ముందు మూడుసార్లు హారన్ కొట్టాలి. మలుపు తిరిగాక వెనక బండి కనపడేదాకా ముందు బండి కదలకూడదు. నేను చిన్నాయన నడుము పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి "వచ్చాండారు, వచ్చాండారు!" అని అరిచేదాన్ని. అంత సంతోషం నాకు నా పెండ్లిలో కూడా కలగలేదు. మా ఆయన బతికుండగా ఈ మాటంటే ఉడుక్కునేవాడు.

గిద్దలూరులో రెండిళ్ల పిలుపులు అయ్యాయి. నలుగురు ఆడవాళ్లకు బొట్లు పెట్టాను, మాట తడబడలేదు, నాకు బెల్లం, బొరుగులు పెట్టారు. ఇక నాకు పట్టపగ్గాల్లేవు.

అత్త ఊరు వచ్చింది. సందు మొదట్లోనే చిన్నాయన చెయ్యెత్తాడు. మూడు బండ్ల హారన్లూ ఒక్కసారిగా మోగించుకుంటూ అక్క వాకిట్లోకి పోవాలని ముందే అనుకున్నారు వాళ్లు. అలాగే పోయాం. ఊరు ఊరంతా దద్దరిల్లింది. పక్కిళ్లవాళ్లు బయటికొచ్చారు గానీ ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. అత్త గడపలోకి రాలేదు. తలుపు ఓరగా వేసి ఉంది.

నేను ఆగలేదు. బండి దిగి, భరిణె మూత తీసుకుంటూ లోపలికి పరిగెత్తాను. తలుపు చాటున గోడకానుకుని కూచున్న మనిషి నన్ను చూసి లేచింది. పాలిపోయిన చీర. చేతులకు గాజులు లేవు. నుదురు బోసిగా ఉంది. తల స్నానం చేసి ఇంకా బొట్టు పెట్టుకోలేదేమో అనుకున్నాను. భలే సమయానికి వచ్చానని కూడా అనుకున్నాను. అమ్మ నేర్పినట్టే "అత్తా, మా చిన్నాయన పెండ్లికి మీరందరూ తప్పకుండా రావాల" అని, కుంకుమ అద్దిన వేలు ఆమె నుదుటి దగ్గరికి చాపాను. వెనక నుంచి చిన్నాయన "పాపా!" అని పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నా వేలు గాల్లో ఆగిపోయింది. ఏదో తప్పు చేశానని అర్థమైంది, ఏమిటో తెలియలేదు. ఏడవబోయాను. అప్పుడు అత్త ఆ వేలు మెల్లగా పట్టుకుని, వెనక్కి తిప్పి, నా బొట్టు మీదే ఇంకో బొట్టు పెట్టింది. వేలికి మిగిలిన కుంకుమ తన కొంగుతో తుడిచి, ఎర్రబడిన ఆ చెరగు లోపలికి మడిచి దోపుకుంది. "బంగారట్ల పిలిచినావమ్మా. అందిందిలే నీ పిలుపు" అంది. ఎనిమిదేళ్ల తర్వాత పుట్టింటి నుంచి వచ్చిన మనుషులు ఇంత ఘోరంగా వస్తే ఆమె ముందు ఆలోచించింది నా ఏడుపు గురించి.

చిన్నాయన గడప దగ్గరే నిలబడిపోయాడు. "ఎప్పుడక్కా?"

"శనగ విత్తేటప్పుడు. మూడు దినాలు జరం. అంతే."

"నాలుగు నెల్లయితాంది. నాకెందుకు చెప్పలేదు?"

"జాబు రాయించినా కదరా..." అని ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆ జాబు ఎవరి చేతికి అందిందో, ఎవరు దాచారో అక్కా తమ్ముడూ ఇద్దరికీ ఆ క్షణమే తెలిసింది. మా నాయనే. తెలిస్తే తమ్ముడు అక్కడికి పరిగెత్తుతాడనీ, కుదిరిన సంబంధం ఆగిపోతుందనీ దాచాడు. కానీ అత్త నేల చూపులు చూస్తూ "అందలేదేమోలే. అప్పుడు వానలు. టపా యాడ తడిసిపోయిందో" అంది. తనకు అంత అన్యాయం చేసిన అన్నను తమ్ముడి ముందు కాపాడింది.

చిన్నాయన ఆమె కాళ్ల దగ్గరే కూచుని చాలాసేపు ఏడ్చి, తర్వాత "పోదాం పా అక్కా. నీకోసరం బొంత కూడా తెచ్చినా. ఎవరేమన్నా నేను చూసుకుంటా" అన్నాడు.

"ఏడాది తిరగలేదు. ఈ ముఖం పెట్టుకోని శుభానికి యాడొచ్చేదిరా" అంది. ఆయన ముఖం చూడలేకపోయిందేమో, మళ్లీ తనే "సరేలే, వస్తాలే. ముహూర్తం నాటికి బస్సుకొస్తా. పొద్దు గూకితే కొండలో కష్టం, బిడ్డను తీస్కోని బేగా పోండి" అంది.

మేము పోయాం. అంతే జరిగింది. మజ్జిగ తాగి, వస్తానందిగా అనుకుని పోయాం. ఊరి చివరిదాకా ఎవరూ బండి స్టార్టు చేయలేదు. ముగ్గురూ తోసుకుంటూ నడిచారు, నేను వెనక నడిచాను.

తిరుగు దారిలో కొండ మధ్యకు వచ్చేసరికి చిన్నాయన ఉన్నట్టుండి బండి ఆపి, నన్ను దింపి, రోడ్డు పక్క పిట్టగోడ దగ్గరికి పోయి మాకు వీపు పెట్టి కూచున్నాడు. వీపు కదులుతోంది. నేను ఆయన దగ్గరికి పోబోతే మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. తన బండి పక్కన మోకాళ్ల మీద కూచుని ప్లగ్గు ఊడదీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. మిల్లు అన్న కూడా బండి చెయిన్ చూస్తూ కూచున్నాడు. నాకు బండి గురించి ఏమీ తెలియకపోయినా ఆ ప్లగ్గు శుభ్రంగా ఉందని తెలుస్తోంది. "బాగానే ఉంది కదా మేస్త్రీ" అన్నాను.

"చెడిపోయింది పాపా" అన్నాడు తలెత్తకుండా. "ఈపొద్దు మా బండ్లన్నీ చెడిపోయినాయి. మీ చిన్నాయన లేచి వచ్చేదాక బాగు కావు."

కొంచెంసేపటికి నా చేతికి కూడా ఒక గుడ్డ ఇచ్చాడు. నేనూ తుడిచాను. ఎదురుగా ఆ బొంత, కట్టిన తాడు విప్పకుండా అట్లాగే ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు.

ఇంటికి చేరాక చిన్నాయన ఒక్కటే అడిగాడు, "అక్క రాసిన జాబు అందలేదంట కదన్నా?" అని. మా నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ "లేదు" అన్నాడు. అంతకుమించి ఆ అన్నదమ్ముల మధ్య ఆ సంగతి రాలేదు. అసలు వాళ్ల మధ్య ఏ సంగతీ సరిగా రాలేదు, ఇద్దరూ పోయేదాకా.

పెండ్లినాడు నేను భరిణె పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాను. నంద్యాల బస్సు పొద్దున వచ్చింది, మధ్యాహ్నం వచ్చింది. పురోహితుడు తొందరపెడుతుంటే చిన్నాయన ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అన్నాడు. చివరికి వరసకు చెల్లెలయ్యే ఎవరినో ఆడబిడ్డ పీట మీద కూచోబెట్టి కానిచ్చారు. రెండేళ్లకు అత్త పోయింది. ఆ కబురు రాసిన జాబు మాత్రం సరిగ్గా చిన్నాయన చేతికే అందింది. ఆయన రైల్లో పోయి వచ్చాడు. బండి అంతకుముందే అమ్మేశాడు.

ఆయన ముసలితనంలో, నేను మందులివ్వడానికి పోయినప్పుడు ఒకసారి తనంత తానే ఈ మాటెత్తాడు. "వస్తాలే అన్నప్పుడే నాకు తెలుసు పాపా, రాదని. తెలిసే ఆ మాట పట్టుకోని వచ్చేసినా. నాకు సులువు కావాలనే ఆయమ్మ ఆ మాటన్నది. నాకు సులువయింది" అన్నాడు. నేను ఆ మందు సీసాల దుమ్ము తుడుస్తూ కూచున్నాను.

అప్పటి నుంచీ నేను ఎవరినైనా పిలవడానికి పోతే "వస్తాలే, నువ్వు పో" అన్న మాట వినను. భర్త పోయిన మనిషి ఇంటికైతే అసలే వినను. మా పక్కింటి అక్కకు అట్లా అయినప్పుడు మా ఇంటి శుభానికి పిలిస్తే ఆమె కూడా అదే మాటంది. "చీర మార్చుకో, కలిసే పోదాం" అని గడపలో కూచున్నాను. ఆమె కసిరింది, తిట్టింది, ఏడ్చింది. రెండు గంటలు పట్టింది, కానీ లేచింది. ఈ ముసలిదానికి ఇంత మొండితనమేందని మా కోడళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కొండ అవతల ఒక గడప ముందు మేము నలుగురం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇట్లా మొండిగా కూచోవలసింది. కూచోలేదు.