చెవుల మేస్త్రి తేల్చిన లెక్క

పడవల ఇంజిన్లు తయారుచేసే ఆ కార్ఖానాలో అతన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవాళ్లు. ఇంజిన్ చప్పుడు విని, అది ఎన్ని హార్స్‌పవర్ ఇస్తుందో చెప్పేసేవాడు. తర్వాత డైనమోమీటర్‌కి కట్టి చూస్తే ముల్లు కూడా అక్కడే ఆగేది.

ఇంజిన్‌ని పట్టి ఆపబోయి, అది ఎంత బలంగా పెనుగులాడుతోందో కొలిచే యంత్రం డైనమోమీటర్. పరీక్ష గదిలో ఉన్నది నీళ్లతో పనిచేసే పాతకాలపుది. అతను చేరిన వారంలోనే అదీ వచ్చింది. ఆరుగురు కలిసి దుంగల మీద దొర్లించుకుంటూ లోపలికి తెచ్చారు. గోడలకు పట్టిన నూనె వాసన, పైపుల్లో నీటి హోరు, గంట గడిచేసరికి కాళ్ల కింద వెచ్చబడే నేల... ముప్ఫై రెండేళ్లు ఆ గదిలోనే గడిచిపోయాయి. ఇంటికెళ్లినా గొంతు తగ్గేది కాదు. "ఇక్కడ ఇంజిన్ లేదు, నేనే ఉన్నాను," అనేది భార్య.

రిటైర్మెంటు నాలుగు నెలల్లో ఉందనగా యజమానురాలు పిలిచింది.

"కొత్త డైనమోమీటర్ కొందాం మేస్త్రిగారూ. ఏది కొనాలో మీరే తేల్చండి. మీరెళ్లిపోయాక మీ చెవులు మాకుండవుగా!"

రెండు కంపెనీలు చూపించడానికి యంత్రాలు తెచ్చాయి. మొదటిది తలుపంత తెరతో ధగధగలాడింది. "అయిదు వందల హార్స్‌పవర్ దాకా కొలుస్తుందండీ. రేపు మీరు లారీ ఇంజిన్లు చేసినా పనికొస్తుంది," అన్నాడు అమ్మేవాడు.

"మావి నలభై దాటవు బాబూ. బంగారం తూచడానికి కట్టెల కాటా ఎందుకు?"

అయినా మేస్త్రి దాన్ని చూడకుండా తోసెయ్యలేదు. యంత్రం పక్కనున్న ఇనుప చేతికి అయిదేసి కిలోల బరువులు తగిలించాడు. మళ్లీ ఒక్కొక్కటే తీశాడు. ఎక్కేటప్పుడు చూపిన అంకె దిగేటప్పుడు చూపలేదు. అన్నీ తీసేశాక కూడా అరకిలో ఉందంది తెర. రెండోది చూడ్డానికి ఇనప్పెట్టెలా ఉంది గానీ, ఎక్కినా దిగినా ఒక్క మాట మీదే నిలబడింది. ఒకే ఇంజిన్‌ని మూడు రోజులు కడితే మూడు రోజులూ ఇరవై తొమ్మిదే అంది.

అక్కడే చిక్కొచ్చింది. ఆ ఇంజిన్ చప్పుడు విని మేస్త్రి ముప్ఫై ఒకటన్నాడు. పాత యంత్రమూ అదే చూపింది.

"అయితే కొత్తదే అబద్ధమాడుతోంది బావా," అన్నాడు అక్కడే ఫిట్టరుగా ఉన్న బావమరిది.

మేస్త్రి అవే బరువులు పాత యంత్రానికి తగిలించాడు. ఇరవై కిలోలకు ముల్లు ఇరవై ఒకటిన్నర దగ్గరికెళ్లింది. లోపల ముల్లును కదిపే కాటా స్ప్రింగు ఏళ్ల తరబడి సాగి మెత్తబడిపోయింది. ఒకప్పుడు ఏటా బరువులు కట్టి సరిచూసేవాడు. చెవీ ముల్లూ ఒకే మాట చెబుతుంటే ఇక దేనికని మానేశాడు. ముల్లు కొద్దికొద్దిగా జరుగుతుంటే చెవి దాని వెనకే నడిచిందన్నమాట. అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

"నాలుగు నెలలు ఊరుకో బావా. ఎవరడుగుతారు?"

"నన్ను నేనే అడుగుతున్నానురా," అంటూ లేచి యజమానురాలి గదికి వెళ్లి సంగతి చెప్పాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అందామె.

"తెలీదమ్మా. ఆరేళ్లుగా బరువులు కట్టి చూడలేదు. తప్పు నాదే."

ఆమె ఆ ఆరేళ్లలో ఇంజిన్లు కొన్నవాళ్లందరికీ ఇంజిన్ బలం మేం చెప్పినదానికంటే తక్కువని ఉత్తరాలు రాయించింది. కొందరు మండిపడ్డారు. ఒక ముసలి పడవవాడు మాత్రం స్వయంగా వచ్చి, "ఈ సంగతి నా పడవ మొదటిరోజే చెప్పిందయ్యా," అని పడీ పడీ నవ్వాడు.

ఇనప్పెట్టె యంత్రాన్నే కొన్నారు. మిగిలిన నెలల్లో మేస్త్రి బావమరిదికి బరువులు కట్టి చూడటం నేర్పాడు. మధ్యమధ్యలో పని ఆపి, చలికాలం పొద్దుటిపూట ఇద్దరూ పాత యంత్రం పక్కన వెచ్చగా నిలబడి కబుర్లాడుకున్న రోజులు తలచుకునేవాడు.

"అంతసేపు ఏం చెప్పుకునేవాళ్లం బావా?"

"ఏమో. ఆ హోరులో ఒక్క ముక్కా వినపడేది కాదు. బాగుండేది."