ఇంజను ఆగింది, పడవ ఆగలేదు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవయ్యేళ్ళ వయసు, ఒంగోల్లో చదివిన ఐటీఐ డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్టు, చొక్కా జేబులో టెస్టరు (డీజిల్ ఇంజనుకీ టెస్టరుకీ పెద్దగా సంబంధం లేదు, కానీ అది జేబులో అందంగా ఉండేది). ఇంత విజ్ఞానం మోసుకుని చీరాల దగ్గర మా ఊళ్ళో దిగేసరికి, నాన్నా పెదనాన్నా ఉమ్మడిగా నడిపే సరుకుల పడవ కొమ్మమూరు కాలవలో ఎప్పట్లాగే మనిషి నడకతో వెళ్తోంది. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే ఇద్దరు కూలీలు కట్టమీద నడుస్తూ మోకుతో లాగటం. పక్కన రోడ్డు మీద లారీలు మమ్మల్ని చూసి హారన్ కొట్టుకుంటూ పోయేవి. సరుకంతా వాటిమీదికే ఎక్కిపోతోందని నాన్నకి ఒకటే దిగులు.

"ఆయిలింజను పెడదాం నాన్నా, మిరపతోటకి నీళ్ళు తోడేదే. దానికో పంకా బిగిస్తే మన పడవ లారీతో పందెం వేస్తుంది" అన్నాను. నాన్నకి కొత్తదంటే ప్రాణం. మా ఊళ్ళో మొదటి ప్రెషర్ కుక్కర్ పేలింది మా ఇంట్లోనే. వెంటనే సరేనన్నాడు. పెదనాన్న సంగతి వేరు. ఆయన చెప్పులు కట్టమీదే విడిచి, కాలవ నీళ్ళు కళ్ళకద్దుకునిగానీ పడవెక్కేవాడు కాదు. మంగళవారం సరుకు ఎక్కించనిచ్చేవాడు కాదు. పడవని 'అమ్మాయి' అనేవాడు. "అమ్మాయి కడుపులో నిప్పు పెడతారట్రా?" అన్నాడు నా మాట విని. నాన్న ఏదో నచ్చజెప్పబోతే, "అయితే నా వాటా నాకు పంచెయ్యి" అని కండువా దులుపుకుని లేచిపోయాడు.

పొలం పంచుకోవచ్చు, గేదెల్ని పంచుకోవచ్చు, పడవని ఎలా పంచుకుంటారో నాకు అర్థం కాలేదు. కానీ ఆ మాటతో అన్నదమ్ములకి నెలరోజులు మాటల్లేవు. ఒకే పడవలో ఉంటూ, "చుక్కాని కాస్త కుడికి తిప్పమని మీ పెదనాన్నకి చెప్పు" అని నాన్న, "నాకు కళ్ళున్నాయని మీ నాన్నకి చెప్పు" అని ఆయన. చివరికి పెద్దమ్మ విసిగిపోయి (ఇద్దరికీ మూడు పూటలు ఉప్పులేని పప్పు పెట్టి) రాజీ కుదిర్చింది. ఇంజనుతో ఒక్క ప్రయాణం చేసి చూడాలి. కుదిరితే పెదనాన్న నోరెత్తకూడదు, కుదరకపోతే నాన్న ఇంజను పీకెయ్యాలి.

ఆ ప్రయాణానికి దొరికిన సరుకు ఎండుమిరపకాయలు. మిగతా పడవల వాళ్ళంతా కట్టమీద చేరారు. పెద్దవాళ్ళు ఒకవైపు, నా ఈడువాళ్ళు ఒకవైపు, పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ లాగా. "కాలవ తల్లికి కితకితలు పెడుతున్నాడ్రా ఇంజనీరు!" అని ఎవరో అరిచారు. నేను హ్యాండిల్ తిప్పాను. ఇంజను దగ్గింది, ఊగింది, అందుకుంది. పడవ కదిలింది. కుర్రాళ్ళు ఈలలేస్తూ సైకిళ్ళ మీద వెంటపడ్డారు, పెద్దలూ వాళ్ళ వెనక సీట్లెక్కారు. నాన్న పడవ ముందు నిలబడి, ఎలక్షన్లో గెలిచినవాడిలా రెండు చేతులూ జోడించాడు. వెనకాల చుక్కాని పట్టుకున్న పెదనాన్న పెదవులు మాత్రం ఏదో జపిస్తున్నాయి.

మైలు దూరం రాజభోగం. తర్వాత మొదలైంది ఘాటు. ఇంజను పొగగొట్టానికి ఆనించి పెట్టిన బస్తా (బరువు సమానంగా ఉండాలని నేనే పెట్టించాను, శాస్త్రప్రకారం) మెల్లగా వేగుతోంది. పోపులో నాలుగు మిరపకాయలు మాడితేనే వీధంతా దగ్గుతుంది. ఇక్కడ ఏకంగా బస్తా! నాన్న తుమ్మి తుమ్మి కూలబడ్డాడు. కూలీలు ఆ బస్తాని కాలవలోకి తోసేశారు గానీ, నా కళ్ళు అప్పటికే చెరువులైపోయాయి. ఆ నీళ్ళల్లోంచి చూస్తే ఎదురుగా కాలవకి అడ్డంగా లాకుల తలుపులు, మూసి ఉన్నాయి.

నేను కంగారుపడలేదు. ఇంజను ఆపటం ఐటీఐలో నేర్పారు. ఆపాను. ఇంజను ఆగింది. పడవ ఆగలేదు. (ఐటీఐలో ఇంజన్ని సిమెంటు దిమ్మకి బిగించి ఉంచుతారు. ఆపితే ఎక్కడిదక్కడే ఉంటుంది.) "ఆపరా, ఒరేయ్, ఆపరా!" అని నాన్న. "ఆపేశాను నాన్నా!" అని నేను.

పెదనాన్న చుక్కానిని ఒక్క తోపు తోసి, మోకు అందుకుని, అరవయ్యేళ్ళ మనిషి కట్టమీదికి దూకాడు. రాతిగుంజకి మోకు మూడు చుట్లు తిప్పి, మడమలు నేలలో తన్ని వెనక్కి వాలాడు. మోకు కిర్రుమంది. పడవ ముక్కు పక్కకి తిరిగి, తలుపులకి బారెడు దూరంలో తుమ్మకంపలో దూరి ఆగింది.

కట్టంతా నవ్వులు. అటు పెద్దలూ, ఇటు నా ఈడువాళ్ళూ, అందరూ ఒకటైపోయి నవ్వారు. "పీకెయ్యండ్రా దీన్ని! ఇప్పుడే, ఇక్కడే!" అని నాన్న గోల. నేను తల దించుకుని కాలివేళ్ళు చూసుకుంటున్నాను. పెదనాన్న ఒరుసుకుపోయిన అరచేతులు నీళ్ళలో కడుక్కుని, నెల తర్వాత మొదటిసారి తమ్ముడితో నేరుగా మాట్లాడాడు. "నువ్వు ముందు మొహం కడుక్కో. పీకటం ఎందుకు? హాయిగా వచ్చాం కదా." తర్వాత నావైపు తిరిగి, అందరికీ వినబడేలా, "వేగం బాగుందిరా. నడపటం నువ్వు నాకు నేర్పు, ఆపటం నేను నీకు నేర్పుతా" అన్నాడు.

వాటా మాట మళ్ళీ ఎత్తలేదు. లారీలు మమ్మల్ని పూర్తిగా మింగేసేదాకా, కొన్నేళ్ళపాటు, ఆ పడవ ఇంజనుతోనే తిరిగింది. నేను మాత్రం ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరంటానికెళ్ళినా, అంత చాదస్తపు పెదనాన్నని ఒక్కరోజులో మార్చేసిన మొనగాణ్ణి నేనేనని చెప్పుకుంటూ తిరిగాను.

పెదనాన్న చనిపోయిన ఏడాదికి ఇదే గొప్ప పెద్దమ్మ దగ్గర చెప్తుంటే, ఆవిడ వత్తులు చేసుకుంటూ నవ్వింది. "మార్చావులే నాయనా. ఆ సాయంత్రం మంచమెక్కినవాడు మూడు రోజులు దిగలేదు. ఆ ఇంజను చప్పుడంటే చచ్చేంత భయం ఆయనకి. పడవెక్కిన ప్రతిసారీ నాతో దిష్టి తీయించుకుని మరీ వెళ్ళేవాడు."

"మరి బాగుందన్నాడుగా పెద్దమ్మా?"

"అంతమంది నవ్వుతుంటే కుర్రాడు తలెత్తలేకపోయాడే, చూళ్ళేకపోయాను అన్నాడు."

ఆ కథ ఇప్పటికీ చెప్తుంటాను. ఇంజను ఆగిన చోట అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ పెదనాన్నని గెలిచానని కాలవ కట్టమీద ఛాతీ విరుచుకుని నడిచిన ఆ ఇరవయ్యేళ్ళవాడు గుర్తొస్తే, వాడి భుజమ్మీద చెయ్యేసి అసలు సంగతి చెప్పాలని మాత్రం అనిపించదు. పోనీలే, ఇంకొన్నాళ్ళు అలాగే అనుకోనీ అనిపిస్తుంది.