పరుగెత్తే పిల్ల ఏం తింటోంది?

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. పోషకాహారం మీద ఎమ్మెస్సీ కూడా చేశాను. ఉద్యోగం వచ్చి నెల కాలేదు, కొల్లేటి ఒడ్డున ఒక హైస్కూల్లో పరుగుపందేల పిల్లల్ని పరీక్షించి రమ్మన్నారు. పొద్దున్న ఏడింటికి తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాను. పక్కనున్న పెద్దావిడకి అడక్కుండానే నా చదువు సంగతి చెప్పేశాను.

"తినడానిక్కూడా చదువుందా అండీ? మా ఆయన ఎప్పుడో పాసైపోయుండాలే!"

పెట్టెలో అందరూ నవ్వారు. కాలేజీకి ఇదే బండిలో వెళ్ళేదాన్ని. అమ్మ పెంటపాడు చేలో కలుపుకి వెళ్తూ కట్టిచ్చిన ఆవకాయన్నం వాసన పెట్టంతా నిండేది.

ఏలూరులో ఇడ్లీ తిని బస్సెక్కాను. మీరు వెళ్తే కిటికీ పక్కన కూర్చోండి. చేపల చెరువులు దాటాక గూడబాతులు కనిపిస్తాయి.

పదింటికి పీఈటీ మాస్టారు పదో తరగతి కెజియాని చూపించారు. "వచ్చే వారం జిల్లా పోటీ. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందండీ. మీరు బాగుందంటే సరే, లేకపోతే పేరు తీసేస్తాను."

బరువు, ఎత్తు, జబ్బ కొలత చూశాను. వేలి నుంచి రక్తం చుక్క తీశాను. అన్నీ బాగున్నాయి.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"తిన్నానండీ."

అరటిపండు ఇస్తే పట్టుకుంది గానీ ఒలవలేదు. "చీకటి పడ్డాక తింటానండీ."

మా అమ్మ గుర్తొచ్చింది. ఈస్టరు ముందు నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన దాకా మంచినీళ్ళతోనే చేలో పనిచేసేది.

"ఉపవాసమా?" అన్నాను మెల్లిగా.

"గెలవాలనండీ. మాస్టారికి చెప్పకండి. ఇంట్లో మామ్మకీ తెలీదు."

"మామ్మకి చెప్పొచ్చా?" అంటే తలూపింది.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాం. చేపలు తోముతున్న మామ్మ అంతా విని చేతులు కడుక్కుంది.

"ఓసి పిచ్చి మొహమా! నువ్వు పడిపోతే ప్రభువొచ్చి పరిగెడతాడా? ఇష్టమైంది వదులుకోవాలే. అన్నం మీద నీకెప్పుడు ఇష్టం ఏడిసింది? ఈస్టరు దాకా సెల్లు మానెయ్!"

"సెల్లా! అది కష్టం మామ్మా!"

"కష్టమైతేనే ఉపవాసమే."

పిల్ల సెల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మాస్టారితో మాత్రం, "పిల్లకి జబ్బేం లేదండీ. పొద్దున్నే తిని పరిగెత్తాలి, అంతే" అన్నాను.

"రేపు తిని రానివ్వండి, అప్పుడు పేరు ఉంచుతాను" అన్నారాయన.

సాయంత్రం ఏలూరులో తిరుగు బండి ఎక్కాను. చేల మీద ఎండ వాలింది. ఈ వేళకే అమ్మ ప్రార్థన ముగించి కంచం ముందు కూర్చునేది. రోజంతా పస్తుండి మొదటి ముద్ద నా నోట్లో పెట్టేది. ఇంత చదివినా ఇవాళ పనికొచ్చింది ఆ ముద్దే అనిపించింది.

మనసాగక కెజియా ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మళ్ళీ చేశాను. స్విచ్చాఫే.

"కలవలేదా అండీ?" అన్నాడు ఎదుటి సీటాయన, పాపం అన్నట్టు.

"కలవలేదండీ!" అన్నాను, నవ్వు ఆపుకోలేక.