విడుదల కాగితం

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మేము నంద్యాలలో కాపురం పెట్టాం. మా ఆయన పటాలంలో గుర్రాలు మేపి, స్వారీ నేర్పి వచ్చినవాడు. ఇక్కడా నేర్పుతానని ఊరంతా చెప్పుకున్నాడు. ఆరు నెలలైనా ఒక్కరూ రాలేదు. సర్కారు కొలువు వదిలి వచ్చాడంటే ఏదో చేసే ఉంటాడని జనానికి అనుమానం. ఒక్క పెద్దింటి పిల్లలు చేరితే మిగతావాళ్లు వెనకే వస్తారు, లేదంటే మా నాయన మడి దున్నుకోవాల్సిందేనని ఈయన బెంగ.

ఆళ్లగడ్డలో ఒక భూస్వామి తన ఇద్దరు కొడుకుల కోసం గుర్రం కొన్నాడని తెలిసింది. ఆ ఇంటామె మా పుట్టినూరు గోస్పాడు ఆడపడుచు. ఆ చనువుతో నేనూ వెంట వెళ్లాను.

ఈయన పటాలం వాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితం చూపించాడు. భూస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి, అరుగు మీదున్న మిషన్ బడి అయ్యవారికిచ్చాడు.

"డిశ్చార్జి అని రాసుందన్నా. అంటే విడుదల," అన్నాడు అయ్యవారు.

"విడుదలా?" భూస్వామి మా ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "సినిమా విడుదలైతాది. జైల్లో ఉన్నోడు విడుదలైతాడు. నువ్వు సినిమావైతే కాదు గదప్పా!"

"గడువు తీరింది, పంపించినారు."

"జైల్లోనూ గడువు తీరినాకే పంపుతారు."

తలుపు చాటు నుంచి నేనూ విన్నాను. పటాలం వదిలిన ప్రతివాడికీ ఆ మాటే రాసిస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజు మాత్రం, అయ్యవారంతటివాడు తప్పు చదువుతాడా అనుకున్నాను. పెళ్లికి ముందు సంగతులు అడిగితే ఈయన మాట మార్చడమూ గుర్తొచ్చింది.

"సరే, ఎక్కి చూపించు," అన్నాడు భూస్వామి. జీతగాడు జీను వేసిన గుర్రాన్ని తెచ్చాడు. ఈయన ఎక్కలేదు. మెడ నిమిరి, కడుపు కింది పట్టీ లాగి చూశాడు. అది ఊరికే చేతికొచ్చింది.

"కాలు పెడితే జీనుతో సహా కిందుంటా. కావాలనే వదులుగా కట్టించినావా అన్నా?"

"చూద్దామనే." భూస్వామి మీసాల్లో నవ్వాడు. "చూడకుండా ఎక్కేటోడు నా పిల్లోళ్లనూ పడేస్తాడు. సోమారం నుంచి రా. జైలు కతలు మాత్రం వాళ్లకు చెప్పొద్దు."

బస్సులో ఈయన ముఖం వెలిగిపోతోంది. నేను ఉండబట్టలేక చెవిలో అడిగాను. "నిజం చెప్పు, యా జైల్లో ఉంటివి?"

"పని చూసి ఆయప్ప నమ్మినాడు. నువ్వు ఏం చూసి నమ్ముతావ్?"

ఇక నంద్యాల దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సోమవారం, సద్దిమూట కూడా అడగకుండా తెల్లారి బస్సుకు వెళ్లిపోయాడు.