మొదటి వద్దు

పోయినవి ముందు చెబుతాను. నూట ఇరవై క్యాలిక్యులేటర్లు. దుకాణంలో ఇరవై రెండేళ్లుగా నా మాటకున్న విలువ. నాలుగు వారాల తెల్లవారుజాము నిద్ర, రోజుకు గంటన్నర చొప్పున. హిమాయత్‌నగర్‌లో ఒక చుట్టాలింట్లో పరువు. ఇవన్నీ పోవడానికి పట్టిన సమయం పందొమ్మిది సెకన్లు. ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. ఆ కాల్ రికార్డయింది, పెట్టుకుని చూశాను.

మాది ఆబిడ్స్‌లో స్టేషనరీ హోల్‌సేల్ దుకాణం. నేను అందులో లెక్కల గుమస్తాను. డిగ్రీ లేదు. వడ్డీలు, శాతాలు, పన్నులు అన్నీ పాత క్యాలెండర్ల వెనక చిత్తు రాసుకుంటూ సొంతంగా నేర్చుకున్నవే. క్యాలిక్యులేటర్లు అమ్మే కొట్టులో క్యాలిక్యులేటర్ ముట్టని మనిషినని మా సేటు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేవారు.

ఆ క్యాలిక్యులేటర్లు పంపే కంపెనీ ముంబైలో ఉంది. ఇదివరకు వాళ్ల మనిషి నెలకోసారి వచ్చి, చాయ్ తాగి, హిందీలో మాట్లాడి వెళ్లేవాడు. అతన్ని మానిపించి, ప్రతి గురువారం పదకొండింటికి వీడియో కాల్ పెట్టారు. తెర మీద ఒక అమ్మాయి. అంతా ఇంగ్లీషు.

"అంకెలన్నీ మీ దగ్గర్నే ఉన్నయి గద. మీరే మాట్లాడుండ్రి" అన్నారు సేటు.

అంకెలు ఇంగ్లీషులో నాకూ వచ్చు. వాటి మధ్యలో వచ్చే మాటలతోనే ఇబ్బంది.

ఒక వానాకాలం మూడు పెట్టెల సరుకు తడిసి వచ్చింది. పెట్టెకు నలభై. ఆ గురువారం ఆ అమ్మాయే ముందుగా, మొత్తం నూట ఇరవైకీ బదులు కొత్తవి పంపుతామంది. నాకు చక్కగా అర్థమైంది. "నో, నో, మేడమ్. నో నీడ్" అన్నాను.

మా బజారు పద్ధతి అది. ఎదుటివాడు ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దంటాం. రెండోసారీ వద్దంటాం, కాస్త మెత్తగా. మూడోసారి "మీరింతగా అంటుంటే..." అని తీసుకుంటాం. చాయ్‌కైనా అంతే, సరుకుకైనా అంతే. మూడోసారి దగ్గర రవాణా ఖర్చు కూడా కలిపి అడగాలని లెక్కవేసుకుని కూచున్నాను. ఆ అమ్మాయి "థాంక్యూ సో మచ్, సర్" అంది. అయితే ఈ ఫిర్యాదు మూసేస్తానంది. మూసేసింది.

సేటు పక్కనే ఉన్నారు.

"ఏంది సారూ, ఇస్తనంటే వద్దంటిరా?"

"మర్యాదకి అన్నానండీ. మళ్లీ అడుగుతుందని..."

"గా పిల్ల మీకేమన్న వియ్యపురాలా, బతిమిలాడి వడ్డించేతందుకు?"

నాలుగు గురువారాలు గడువిచ్చారు. ఆలోపల సరుకు రాబట్టకపోతే కాల్‌తో పాటు నా కుర్చీ కూడా ఆయన మేనల్లుడికి పోతుంది. "మీరు అఫ్జల్‌గంజ్ గోదాంల డబ్బాలు లెక్కపెట్టుకోండ్రి. గాడ ఇంగ్లీషుతోని పని పడదు" అన్నారు.

ఆబిడ్స్‌లోనే ముప్పై రోజుల్లో ఇంగ్లీషు మాట్లాడిస్తామన్న బోర్డు చూసి మెట్లెక్కాను. నాకున్నవి ఇరవై ఎనిమిది రోజులు. సగం మెట్ల మీద ఆ తేడా గుర్తొచ్చి దిగిపోయాను.

నాంపల్లి స్టేషన్ ఎదుటి చాయ్ హోటల్లో ఒక పెద్దాయన పొద్దున్నే ఇంగ్లీషు పేపరు పైకి చదువుతూ కూచుంటారు. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు నా గోడు చెప్పుకుని ఫీజెంతో అడిగాను.

"పైసలొద్దు భాయ్. నేను ఇంగ్లీష్ షురూ చేస్తే ఇంట్ల అందరు లేచి పోతరు. నేనెన్ని నిమిషాలు మాట్లాడితే గన్ని నిమిషాలు నువ్వు కూసోని వినాలె. మల్ల గన్నే నిమిషాలు నువ్వు మాట్లాడాలె. బరాబర్?"

"బరాబర్" అన్నాను. నిమిషాల బేరం కుదుర్చుకునే ముందు మనిషి ఓపిక ఎంతో చూసుకోవాల్సింది.

మొదటి ఉదయం ఆయన ముప్పై ఒక్క నిమిషాలు మాట్లాడారు. విజయవాడ పోవాల్సిన కోళ్ల బుట్టలు వాడి జంక్షన్‌లో దిగిన సంగతి. నేను రెండు నిమిషాలు మాట్లాడాను. అందులో మా దుకాణం ఆబిడ్స్‌లో ఉందన్న ముక్కే మూడుసార్లు. నోటుబుక్కులో రాసుకున్నాను, నా బాకీ ఇరవై తొమ్మిది నిమిషాలు.

నాలుగో రోజు నా అసలు రోగం కనిపెట్టారు. ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు నా ముందుకు జరిపి, ఇంగ్లీషులో తీసుకోమన్నారు. "నో, నో" అన్నాను. ఆయన ఆ బిస్కెట్ తీసి తినేశారు.

"మా కౌంటర్ల ఒక్కసారే పిలుస్తుంటిమి. పలికినోడికి పార్సిలు. సిగ్గుపడి మూలకు నిలబడ్డోడికి ఏం దొరుకుతది?"

"ఏం దొరుకుతుంది?"

"జుర్మానా. రోజుకింత కట్టి తీస్కపోవాలె."

అప్పట్నుంచి రోజూ బిస్కెట్ పాఠం. ఆ వారంలో ఆయన పదకొండు బిస్కెట్లు తిన్నారు, బిల్లు నాది. పన్నెండోదానికి ఆయన నోరు తెరవకముందే "యెస్, ప్లీజ్" అని ప్లేటు లాక్కున్నాను.

"అరే, అడగనియ్ భాయ్!" అన్నారు.

అలవాటు ఇంగ్లీషు దగ్గర ఆగలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ పిన్నిగారింటికి హిమాయత్‌నగర్ వెళ్లాం. రెండున్నరకు లేవబోతుంటే ఆవిడ "భోంచేసి వెళ్లండి బాబూ" అన్నారు. "అలాగేనండీ" అని మళ్లీ కూచున్నాను. వాళ్లు అప్పటికే తినేసి గిన్నెలు కడుక్కున్నారు. కుక్కర్ మళ్లీ పొయ్యెక్కింది. నలభై నిమిషాలు కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ కూచున్నాను.

"వాళ్లేదో మర్యాదకి అంటారండీ! అడగ్గానే కూలబడిపోతారా?" అంది మా ఆవిడ ఆటోలో.

"ఇంగ్లీషు ప్రాక్టీసు" అన్నాను. ఇంటికి చేరేదాకా ఆవిడ అటువైపు తిరిగి కూచుంది.

గురువారాలు గడుస్తున్నాయి. మొదటిదానికి నోరు పెగల్లేదు. రెండోదానికి ఆ అమ్మాయి సెలవు. మూడోదానికి "వన్ మ్యాటర్, మేడమ్" అనేసరికి నెట్ పోయింది. నాలుగోదానికి సేటు నా పక్క కుర్చీలో కూచున్నారు. మేనల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కాతో.

చివర్లో ఆ అమ్మాయి ఇంకేమైనా ఉందా అని అడిగింది. రాసుకున్న కాగితం పక్కన పెట్టి, వచ్చిన ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు నేనన్నది మొదటి వద్దు, మేడమ్. మా బజారులో మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు కూడా మర్యాదే. మూడోసారి చెప్పేదే జవాబు. మీరు ఒక్కసారే అడిగారు. దయచేసి ఇంకో రెండుసార్లు అడగండి.

తెర మీద ఆ అమ్మాయి కదల్లేదు. మళ్లీ నెట్ పోయిందనుకున్నాను. అంతలో నవ్వింది. వాళ్ల అమ్మమ్మ కూడా ఇంతేనట, మూడుసార్లు అడిగితే గానీ చెప్పు విప్పి లోపలికి రాదట. ఆ మోడల్ తొంభై మాత్రమే మిగిలాయి, పంపమంటారా అని అడిగింది.

"యెస్, ప్లీజ్" అన్నాను. మొదటిసారి అడగ్గానే. బల్ల కింద సేటు నా కాలు తొక్కారు గానీ అప్పటికే మాట వెళ్లిపోయింది.

"ముప్పై ఇడిసిపెడ్తిరి గద! జర బిగబడితే పూరా ఇచ్చేటిది!"

"బిగబడితే మూసేస్తుందండీ. ఒకసారి చూశాం కదా."

సేటు పెన్ను తీసి తొంభై అని ఒక బిల్లు వెనక రాసుకున్నారు. తర్వాత, "సరె, కూసోండ్రి" అన్నారు, కుర్చీలోనే ఉన్న నాతో. మేనల్లుణ్ణి చాయ్ చెప్పి రమ్మన్నారు.

మర్నాడు పొద్దున్నే నాంపల్లి వెళ్లి ఇదంతా పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను, ఏకబిగిన పద్నాలుగు నిమిషాలు. అంతసేపు నేను తెలుగులో కూడా మాట్లాడి ఎరగను. బాకీ కాస్త తరుగుతుందని ఆశపడ్డాను. ఆయన సంతోషం పట్టలేక యాభై మూడు నిమిషాలు మాట్లాడారు.

ఇప్పటికీ శనివారాలు వెళుతున్నాను. గురువారం కాల్‌లో తడబాటు చాలా తగ్గింది. రవాణా ఖర్చులు కూడా అడుగుతున్నాను. కానీ నేను బాగా మాట్లాడేకొద్దీ ఆయనకు పాత పార్సిళ్లు ఇంకా ఇంకా గుర్తొస్తున్నాయి. కొంత మాఫీ చెయ్యమంటే రైల్వేలో మాఫీ లేదంటారు. మొన్న శనివారం నాటికి నేనాయనకు ఇంకా మాట్లాడాల్సినవి వెయ్యిన్నీ నూట ఎనభై మూడు నిమిషాలు.