రొయ్యల గుంట మీద డ్రైవరు సీడీ

మూత విప్పిన కంప్యూటరు లోంచి వచ్చే వేడెక్కిన దుమ్ము వాసన మీరెప్పుడైనా పీల్చారో లేదో గానీ, నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, మా ఊరి రొయ్యల గుంటలు, గట్టు మీది ఎండ, మా అక్క మొహం వరసగా వచ్చి ఎదుట నిలబడతాయి. మొన్న ఆదివారం నెల్లూరులో మా ఇంట్లో అదే జరిగింది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ బోర్డులు డిజైను చేసి బతికే మనిషిని నేను. వారం రోజులుగా నా కంప్యూటరు తెర, పని మంచి పట్టులో ఉన్నప్పుడే ఒక్కసారిగా నల్లబడటం, కాసేపటికి గీతలు గీతలుగా మళ్లీ వెలగడం, డిస్‌ప్లే డ్రైవరు ఆగిపోయిందని మూలన ఒక ముక్క కనిపించి మాయమవడం. కోట అనే ఊరి నుంచి నన్ను చూడటానికి వచ్చిన మా రూతక్క పక్కనే కుర్చీలో కూర్చుని చాటలో చింతచిగురు ఏరుతోంది. ఆ ముక్కను ఆమె కూడా చదివింది. ఇరవై ఏళ్ల కిందట మా ఇంట్లో తెర ఇలాగే నల్లబడినప్పుడు, తప్పు అక్కది కాదని తెలిసిన మనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

మా ఊరు అల్లూరుకి తూర్పున. సముద్రం కంటికి కనపడేది కాదు గానీ గాలిలో ఎప్పుడూ ఉండేది. తలుపు గొళ్లేలు ఏడాదికే తుప్పు పట్టేవి, ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు చెమర్చి ఉండేది, ఆరేసిన బట్టలు ఎన్ని గంటలున్నా పూర్తిగా ఆరినట్టు అనిపించేవి కావు. ఒకప్పుడు వరి పండిన మా చేలు నాకు ఊహ తెలిసేనాటికే రొయ్యల గుంటలయ్యాయి. మేత బస్తాల నుంచి వచ్చే ఎండుచేపల వాసన, గుంటలో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు, నవంబరు వానలకు గట్లు ఎక్కడ తెగుతాయోనని గోనెసంచి తలమీద కప్పుకుని తిరిగే నాయన, వీటి మధ్యనే నా చిన్నతనమంతా గడిచింది. నాయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి, శకునాలూ ముహూర్తాలూ మనకు లేవని పదిమందిలో గట్టిగా చెప్పే మనిషి. అయినా గుంటలో రొయ్యపిల్ల వదిలే రోజున పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించి, ఆమెన్ అన్న మరుక్షణం అక్క కోసం చూసేవాడు. పిల్ల వచ్చిన ప్లాస్టిక్ సంచులను కాసేపు నీళ్ల మీద తేలేసి, సంచిలోని నీళ్లూ గుంట నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చాక, మొదటి సంచి మూతి అక్కే విప్పాలి.

"పెద్దమ్మిది చల్లని చెయ్యి. ఆ బిడ్డ వదిలితే పిల్ల నిలబడతాది" అనేవాడు నాయన. అమ్మ కూడా తక్కువది కాదు. ఆవకాయకు మొదటి గుప్పెడు ఉప్పు, పొదుగు కోడి కింద మొదటి గుడ్డు, క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వేసేటప్పుడు కాగే నూనెలో మొదట ముంచే అచ్చు, అన్నిటికీ అక్క చెయ్యే కావాలి. నాకు ఒళ్లు మండిపోయేది. నా చెయ్యికేం తక్కువని అమ్మను అడిగితే, "నీ చెయ్యి తినేదానికి బాగా పనికొస్తాది" అని నవ్వేది.

అక్క నెల్లూరు పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లమా చదివేది. రోజూ బస్సులో పోయి వచ్చేది. పంట బాగా పండిన ఒక ఏడు నాయన ఆమె కోసం కంప్యూటరు కొన్నాడు. ఇళ్ల నమూనాలు గీసే పనికి మామూలు కంప్యూటరు చాలదని, అంగట్లో దానికి విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టి, ఆ కార్డుతో పాటు ఒక సీడీ ఇచ్చారు. ఉప్పుగాలి తగలకుండా అమ్మ పాత దుప్పటితో కంప్యూటరుకి తొడుగు కుట్టింది. సీడీని అక్క కాగితపు కవరులో పెట్టి, కవరు మీద పెద్ద అక్షరాలతో 'ఇది పారేయొద్దు' అని రాసి, గుండీలు, దారపు ఉండలు ఉండే బిస్కెట్ల డబ్బాలో దాచింది.

ఆ ఏడే మా ఊరి చర్చి కొత్తగా కట్టాలనుకున్నారు. పాతది పెంకుల చర్చి, వానొస్తే పాట పాడుతూనే చాపలు పక్కకి జరుపుకునేవాళ్లం. అక్క ఎవరూ అడక్కుండానే దాని నమూనా గీయడం మొదలుపెట్టింది. తూర్పుగాలి వచ్చేలా నిలువెత్తు కిటికీలు, చంటిపిల్లల తల్లులు కూర్చునేందుకు వరండా, మోకాళ్ల నొప్పుల ముసలమ్మల కోసం మెట్ల పక్కన వాలుదారి. మౌసు కదిపితే చర్చి మొత్తం గుండ్రంగా తిరిగేది, తలుపులోంచి లోపలికి కూడా పోవచ్చు. "చిన్నమ్మీ, ఈ కిటికీకాడ నిలబడు, గాలి ఎట్టొస్తాదో చూడు" అనేది అక్క, నేను నిజంగానే ఆ తెరలో నిలబడి ఉన్నట్టు. అయ్యగారు వచ్చి చూసి ముచ్చటపడి, క్రిస్మస్ ముందటి ఆదివారం సంఘపెద్దలను తీసుకొస్తానన్నాడు. వాళ్లకు నచ్చితే అదే కడతారు. తన కూతురు గీసిన చర్చిలో తను ప్రార్థన చేసుకుంటానని నాయన ఊళ్లో చెప్పని మనిషి లేడు.

రొయ్య పెరిగేకొద్దీ నీటికాకులూ కొంగలూ గుంపులుగా వచ్చి వాలేవి. వాటిని బెదరగొట్టడానికి గుంటకు అడ్డంగా తీగలు లాగి, వాటికి పాత సీడీలు కట్టేవాళ్లు. గాలికి అవి తిరుగుతుంటే ఎండ తళుక్కుమని పిట్ట కళ్లలో పడేది. సీడీలు పోగుచేసి కట్టడం పిల్లల పని. అది పనిగా మొదలై పందెంగా మారింది. ఎవరి సీడీ వెలుగు ఎంత దూరం పడితే వాళ్లు గెలిచినట్టు. గీతలు పడిన సినిమా సీడీలతో నేను రోజూ ఓడిపోయేదాన్ని. పక్క గుంట పిల్లల వెలుగు మా మోటారు షెడ్డు గోడ దాకా వచ్చి వెక్కిరించేది. ఒకరోజు అక్క కాలేజీకి పోయాక బిస్కెట్ల డబ్బా తెరిచాను. ఆ సీడీ మీద బొమ్మా లేదు, గీతా లేదు, రెండు పక్కలా తళతళలాడే వెండి. 'పారేయొద్దు' అన్న మాట నేను చదవకపోలేదు. నేను పారేయడం లేదు గదా, కట్టడమే గదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. తిన్నగా వేలాడాలని, పొయ్యిలో కాల్చిన మేకుతో దాని అంచున చిల్లు పొడిచాను. ఆ సాయంత్రం దాని వెలుగు మోటారు షెడ్డు దాటి రోడ్డు దాకా పోయింది. జీవితంలో మొదటిసారి నేను గెలిచాను.

నెల తిరక్కముందే, ఎవరిదో పెన్ డ్రైవ్ పెట్టినందుకు కంప్యూటరుకి వైరస్ పట్టింది. అల్లూరు నుంచి బాషా అన్న మోపెడ్ మీద వచ్చి, అక్క గీసినవి ఒక పక్కన దాచి, మిగతాదంతా తుడిచేసి మళ్లీ ఎక్కించి, "అమ్మాయ్, కార్డుతో ఒక సీడీ ఇచ్చుంటారే, తీసకరా" అన్నాడు. ఎందుకని నాయన అడిగితే, "అందులో డ్రైవరుంటాది గదా మామా. అది లేకుంటే ఈ కార్డు దుబాసీ లేని దొర మాదిరి. మాట్లాడతాడు గానీ ఎవురికీ అర్థం గాదు" అన్నాడు. అక్క డబ్బా తెరిచి, గుండీలన్నీ చాప మీద కుమ్మరించి, వంచిన తల ఎత్తకుండానే అడిగింది.

"చిన్నమ్మీ, నువ్వేమన్నా చూసినావా?"

"నేను చూళ్లేదు."

నాయన అక్కడే ఉన్నాడు. చింత బరిక గోడమూల ఉంది. నా భయం అంతవరకే. చిల్లు పడిన సీడీ ఇక ఎలాగూ పనికిరాదు, చెప్పినా ప్రయోజనం లేదని కూడా అనుకున్నాను. బాషా అన్న తన సంచిలోంచి దాదాపు అలాంటిదే ఇంకో డ్రైవరు వేసి, ఇంతకంటే దగ్గరిది తన దగ్గర లేదని చెప్పి వెళ్లిపోయాడు.

అది కుదరలేదు. అక్క చర్చిని తిప్పబోతే చాలు, తెర నల్లబడేది. కార్డు ఊడదీసి దాని బంగారు పళ్లను నా బడి రబ్బరుతో రుద్దేది, మూత తీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టేది, అమ్మ కుట్టిన తొడుగు తీసేసేది, డ్రైవరు తీసి మళ్లీ వేసేది, సేఫ్ మోడ్‌లో తెరిస్తే అక్షరాలన్నీ గుమ్మడికాయలంత వచ్చేవి. అల్లూరు నెట్ సెంటరులో అసలు డ్రైవరు దింపుకుందామని మూడుసార్లు పోయింది. అది సగం దిగేసరికి కరెంటు పోయేది, లేదా లైను తెగేది. అక్క ఊరికే అమ్మ పక్కన కూర్చున్నప్పుడు నేను పోయి పేకముక్కల ఆట ఆడేదాన్ని. నాకెప్పుడూ తెర నల్లబడలేదు. పేకముక్కలకు ఆ కార్డుతో పనే లేదని, తిరిగే బొమ్మలకే దాని అవసరమని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. నాయన మాత్రం గుమ్మంలో నిలబడి రోజూ చూశాడు. "చిన్నమ్మి కూర్చుంటే బాగానే ఉండాది. పెద్దమ్మి చెయ్యేస్తేనే పోతాది. ఏంది కత?" అన్నాడు ఒకరోజు అమ్మతో. అక్క వింది. నేనూ విన్నాను.

క్రిస్మస్ ముందటి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, నలుగురు సంఘపెద్దలు మా ఇంటికి వచ్చారు. వాకిట్లో నక్షత్రం కట్టి ఉంది, అమ్మ అరిసెలు, కారప్పూస పళ్లేల్లో సర్దింది, నాయన ఉతికిన చొక్కా వేసుకుని అందరికీ కుర్చీలు జరిపాడు. అక్క చర్చిని తెరిచింది. ముందుభాగం వచ్చింది, పెద్దలు ముందుకు వంగారు, వరండా వైపు తిప్పబోగానే తెర నల్లబడింది. మళ్లీ తెరిచింది, మళ్లీ పోయింది. మూడోసారి తెర వెలగనే లేదు. అక్క మౌసును మళ్లీ మళ్లీ నొక్కడం నేను తలుపు చాటు నుంచి చూశాను. "పోనీలే తల్లీ, నువ్వు కష్టపడినావు, దేవుడు చూసినాడు" అని ఒక పెద్దాయన కారప్పూస నముల్తూ లేచాడు. ఆ వచ్చే వేసవిలో మేస్త్రీ తనకు తెలిసినట్టు నాలుగు గోడలు లేపి శ్లాబు వేశాడు. అందులో ఇప్పటికీ గాలాడదు.

అదైనా మరిచిపోగలను. ఫిబ్రవరిలో రొయ్యపిల్ల వచ్చిన రోజును మరిచిపోలేను. ప్రార్థన అయింది. సంచులు నీళ్ల మీద తేలుతున్నాయి. అక్క ఎప్పటిలాగే పావడా కుచ్చెళ్లు ఎగదోపి గట్టు దిగింది. నాయన ఆమె మొహం చూడకుండా, "ఈ తూరి చిన్నమ్మి వదల్తాదిలే" అన్నాడు. అక్క మోకాలి లోతు నీళ్లలోంచి వెనక్కి నడిచి గట్టెక్కి, రెండు చేతులూ ఓణీ కింద పెట్టుకుని నిలబడింది. నేను సంచి మూతి విప్పాను. ఎన్నాళ్ల నుంచో కోరుకున్న పని అది. నా తల మీద తీగకు ఆ సీడీ ఇంకా వేలాడుతూనే ఉంది, ఉప్పుకీ ఎండకీ దాని వెండి పొలుసులుగా రాలిపోతూ. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం దొరకదని నాకు తెలుసు. తెరవలేదు. పైగా ఆ పంట విరగ పండింది.

అక్క డిప్లమా ముగించింది గానీ మళ్లీ గీత గీయలేదు. కోటలో బడిపిల్లలకు లెక్కలు చెబుతోంది. చల్లని చెయ్యి నాదేనని నాయన నన్ను కంప్యూటరు చదువులకు పంపాడు, అదే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. అక్క మాత్రం ఏ పనికీ ముందు చెయ్యి వేయదు. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా, అందరూ ఎత్తుకున్నాక గానీ తను ఎత్తుకోలేదు. నాయన పోయి నాలుగేళ్లయింది.

మొన్న ఆదివారం ఆమె పక్కన కూర్చుని ఉండగా ఈ కాలపు వైద్యం చేశాను. దుమ్ము ఊదాను, పాత డ్రైవరు మొత్తం తీసేశాను, కార్డు పేరు కొట్టగానే అసలు డ్రైవరు దానంతట అదే దిగడం మొదలైంది. అక్క అప్పట్లో మూడుసార్లు బస్సెక్కి పోయినా దొరకనిది ఇప్పుడు ఒక సీసా నీళ్లు తాగేలోపల వచ్చేస్తోంది. ఈ కంప్యూటరుకి సీడీ పెట్టే నోరే లేదు. ఊళ్లో గుంటల మీద ఇప్పుడు వలలు కప్పుతున్నారు, ఏ పిల్లకీ వెలుగు పందెం తెలియదు. అమ్మ కుట్టిన తొడుగు ఏమైందో అమ్మకే గుర్తులేదు. తెర మీద గీత నిండుతుండగా, ఎందుకో ఇక ఆగలేక, చెప్పేశాను. డబ్బా, చిల్లు, గుంట, అన్నీ.

అక్క చింతచిగురు ఏరడం ఆపలేదు. ఏరుతూనే అంది.

"రోడ్డు దాకా పడేది ఆ వెలుగు. కాలేజీ నుంచి వస్తా బస్సులోంచి చూసేదాన్ని. మన గుంట మింద ఎంత బాగా మెరస్తా ఉండాదో అనుకునేదాన్ని."

నాకు ఏడుపొచ్చింది. క్షమించమన్నాను. ఆమె పుల్లలు ఒక పక్కకి నెట్టి, ఇంకో గుప్పెడు తీసుకుంది.

"నాయన ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండు మే" అంది.

డ్రైవరు దిగింది. కంప్యూటరుని మళ్లీ మొదలుపెట్టమంటారా అని తెర అడిగింది. నేను మౌసు మీది చెయ్యి తీసేసి, కుర్చీ పక్కకి జరిపాను. "నువ్వు నొక్కక్కా" అన్నాను. అక్క ఆ తెరను చూసింది, తన చేతుల్ని చూసుకుంది, వేళ్లకంటిన చిగురు దులుపుకుంది. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. నేను ఎదురుచూశాను. లోపలి గదిలోంచి మా అమ్మాయి అన్నం ఎప్పుడని రెండుసార్లు పిలిచింది. చివరికి నేనే నొక్కాను.